ముక్కు పెద్దమ్మ

మా పెద్దత్తయ్యని మా బిల్డింగులో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ముక్కు పెద్దమ్మ అంటారు. ఆ ముక్కేమీ పొడుగ్గా ఉండదు, వంకరా కాదు. మామూలు ముక్కు, దాని మీద కళ్ళద్దాలు నొక్కిన గుంటలు రెండు. కానీ మా వీధి చివర డిస్కౌంట్ సూపర్ మార్కెట్లో సగం ధరకి పెట్టిన సరుకులో ఏది ఇంటికి తేవాలో, ఏది అక్కడే వదిలేయాలో ఆ ముక్కే చెప్పాలి. అది చెప్పాక ఇంక అప్పీలు లేదు.

తేదీ దగ్గర పడిన సరుకంతా పెద్ద పెద్ద కొట్లలోంచి ఆ మార్కెట్‌కి వచ్చి పడుతుంది. సొట్ట పడిన డబ్బాలు, మూల నలిగిన అట్టపెట్టెలు, లేబుల్ చిరిగిన సీసాలు. రోజూ వాటి మీద పసుపు స్టిక్కర్లు వేసి వెనక అరల్లో పెడతారు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకం మనుషులు చేతికి అందినదల్లా బుట్టలో పడేసుకుని పోతారు. మా పెద్దత్తయ్య అలా కాదు. ముందు ఒట్టి చేతులతో ఆ అరలన్నీ ఒకసారి తిరిగొచ్చేది. డబ్బా పక్కన సొట్ట ఉంటే ఫరవాలేదు, అతుకు మీద సొట్ట ఉంటే ముట్టుకోకూడదు. పెరుగు కప్పు మూత ఉబ్బితే లోపల పని అయిపోయినట్టే. ఐసు బఠాణీల సంచి ఆడిస్తే గలగలమనాలి, ముద్దగా ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. క్యాబేజీని పైన కాదు, కాడ కోసిన చోట చూడాలి. మాంసం మీద వేసే ఎర్ర లైటుని నమ్మకూడదు, గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూడాలి. ఇవన్నీ అయ్యాక చివరికి ముక్కు. "తేదీ వేసేది మనిషి. వాసన వేసేది సరుకు," అనేది.

ఆమె మా అత్తయ్యకి సొంత అక్క. భర్త పోయాడు, పిల్లల్లేరు. మొదట కొన్నేళ్ళు మరిది ఇంట్లో ఉంది. ఒకరోజు టీ తాగుతూ మరిది భార్య "మా ఇంట్లో ఇంతమందికి సరిపడా పని లేదక్కా," అందట. అన్న మనిషి నవ్వుతూనే అంది. విన్న మనిషి మర్నాడు ఒక సంచితో మా గుమ్మంలో నిలబడింది. వచ్చిన రోజు నుంచీ పని కోసం వెతుక్కుంది. వంటగది మా అత్తయ్య ఎవరికీ వదలదు. బట్టలు మిషను ఉతుకుతుంది. నేను హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేసి అలిసి వచ్చినా నా గిన్నెలు నేనే కడుక్కుంటాను, ఇంకొకరు కడిగితే నాకు నచ్చదు. ఇంక మిగిలింది బజారు సంచి ఒక్కటే. దాన్ని పట్టుకున్న పెద్దత్తయ్య మళ్ళీ వదల్లేదు.

"ఊరికే కూర్చున్న మనిషిని కుర్చీ కూడా బరువనుకుంటుందమ్మా," అని నాతో ఒకసారి అంది. ఈ ఇంట్లో తనకి చోటు ఆ సంచి వల్లే దొరికిందని ఆమె నమ్మకం. మాలో ఎవరూ అలా అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు. మా అత్తయ్య అయితే నోరు తెరిస్తే గొణుగుడే. అక్క తెచ్చిన ప్రతి వస్తువుకీ ఒక వంక పెట్టేది. రొట్టె గట్టిగా ఉందనేది, నూనె సీసా మూత సరిగ్గా లేదనేది, చివరికి అన్నీ సుబ్బరంగా వండేది. పెద్దత్తయ్య ఆ గొణుగుడు వింటూ పళ్ళెం తుడిచి తినేది. ఆ పూటకి తన కూడు తాను సంపాదించుకున్నానన్న తృప్తి ఆ మొహంలో కనిపించేది.

ఒక చలికాలం ఆమెకి జ్వరం పట్టుకుంది. ఒళ్ళు కాలిపోయింది, గొంతు పూడుకుపోయింది, చివరికి తగ్గింది. మంచం దిగిన రోజే సంచి తీసుకుని బయల్దేరింది. కానీ ఆ తర్వాత ఆమె బజారు తీరు మారింది. మాంసం, చేపలు మానేసి డబ్బాలు, పప్పులు, బిస్కెట్లు తేవడం మొదలుపెట్టింది. ఎవరైనా ఏదైనా తెచ్చి "ఇది చూడు పెద్దమ్మా," అంటే అటూ ఇటూ తిప్పి, నొక్కి, ముక్కు దగ్గర మామూలు కంటే ఎక్కువసేపు పెట్టుకుని, అవతలి మనిషి మొహం చూసి అప్పుడు జవాబు చెప్పేది. నాకు అప్పట్లో అదంతా వయసు చాదస్తంగా కనిపించింది.

తర్వాత మా పాపని వెంట తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. మా పాప అప్పటికి ఇంకా బడిలో కూడికలు నేర్చుకుంటోంది. "తోడుగా ఉంటుంది, నాలుగడుగులు నడిచినట్టూ ఉంటుంది," అంది పెద్దత్తయ్య. పాప ఎగిరి గంతేసింది. ఇద్దరూ చేతులు పట్టుకుని వెళ్ళేవారు, ఏదో రహస్యం ఉన్నట్టు నవ్వుకుంటూ వచ్చేవారు. మళ్ళీ ఇంటికి చేపలు రావడం మొదలైంది. నేనూ సంతోషించాను. అలిసిపోయి ఇంటికొచ్చే మనిషికి బిడ్డ నవ్వుతూ ఎదురొస్తే ఇంకేం కావాలి?

ఒకరోజు బడికి సెలవు. మా ఆయన వాళ్ళమ్మని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. బయల్దేరుతూ అత్తయ్య గుమ్మంలోంచి వెనక్కి తిరిగి, "రొట్టె ఉంది, జామ్ ఉంది, అవే తినండి. పొయ్యి జోలికి మాత్రం పోకు అక్కా, చెబుతున్నాను," అంది. తన వంటగది మీద ఎంత మమకారమో అనుకున్నాను. నేనూ డ్యూటీకి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి కింది మెట్ల దగ్గరే వాసన కొట్టింది. కింది వాటాలో ఉండే కుట్టుమిషను ఆవిడ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "ఎవరింట్లోనో ఎలుక చచ్చినట్టుందమ్మా," అంది. పైకి ఎక్కేకొద్దీ వాసన చిక్కబడింది. అది మా గుమ్మంలోంచే వస్తోంది.

తలుపు తీశాను. వంటగదిలో పొయ్యి మీద పెద్ద గిన్నె కుతకుతమంటోంది. పెద్దత్తయ్య దాని మీదకి వంగి, ఆ ఆవిరిలోనే మొహం పెట్టి గరిటె తిప్పుతోంది. నన్ను చూసి మొహమంతా వెలిగింది.

"వచ్చావా? కాళ్ళు కడుక్కుని రా. ఇవాళ కోడిమాంసం ఎంత చవగ్గా దొరికిందో తెలుసా? మీ అత్తకి చెప్పకు, వచ్చాక నోట్లో పెట్టుకుని తనే బాగుందనాలి."

బల్ల దగ్గర మా పాప కూర్చుని ఉంది. ఎదురుగా పళ్ళెం నిండా కూర. కుడి చేత్తో చెంచా పట్టుకుంది, ఎడమ చేత్తో ముక్కు గట్టిగా మూసుకుంది. కళ్ళనిండా నీళ్ళు. ఒక ముద్ద నోట్లోనే ఉంది, మింగలేక బుగ్గ ఉబ్బింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ఆ రోజు అది ఇల్లంతా నిండింది. పళ్ళెం తీసి సింకులో విసిరాను, పాప చేత ఉమ్మించాను, కిటికీలు తెరిచాను, పొయ్యి ఆర్పాను. "మీకు ఒళ్ళు తెలుస్తోందా? ఈ కంపు మీకు తెలియడం లేదా? నా బిడ్డని చంపేద్దామనుకున్నారా?" అని అరిచాను. ఆ మాటలకి నేను ఇప్పటికీ చింతించడం లేదు. మళ్ళీ అలాంటిది చూస్తే మళ్ళీ అరుస్తాను.

పెద్దత్తయ్య గరిటె పట్టుకునే నిలబడిపోయింది. నన్ను చూడలేదు, పాపని చూసింది. "బాగుందన్నావు కదమ్మా," అంది. "కొట్లో అడిగితే బాగుందన్నావు కదా?"

అప్పుడు బయటపడింది. జ్వరం పోతూ పోతూ ఆమె వాసనని పట్టుకుపోయింది. ఇవాళ వస్తుంది, రేపొస్తుంది అని ఎదురు చూసింది. రాకపోయేసరికి మా పాపతో ఒక ఆట పెట్టుకుంది. సరుకు పాప ముక్కు దగ్గర పెట్టి "ఎలా ఉంది?" అని అడిగేది, పాప చెవిలో చెప్పేది. ఎవరికీ చెప్పకూడదని ఒట్టు. ఆ రోజు తూకానికి అమ్మే కోడిమాంసం చేత్తో పట్టి చూసిందట. కొట్టువాళ్ళు దాన్ని కడిగి కొత్త ఐసు మీద పేర్చారు, పాడైన మాంసానికుండే జిగురు చేతికి తెలియలేదు. ఇంక పాప మాటే ఆధారం.

"కంపు కొడుతుంటే బాగుందని ఎందుకు చెప్పావే?" అని పాపని నిలదీశాను.

పాప వెక్కుతూ చెప్పింది. "బాగాలేదంటే పెద్ద నానమ్మ మొహం ఏడుపుగా అయిపోతుంది. బాగుందంటే నవ్వుతుంది."

సాయంత్రం పాపకి వాంతులు పట్టుకున్నాయి. ఒక్క ముద్దలో ఎంత మింగిందో తెలియదు. డాక్టరు ఇచ్చిన మందు నీళ్ళు చెంచాతో తాగిస్తూ నేను మంచం పక్కన కూర్చున్నాను. పెద్దత్తయ్య ఆ గది గడప దాటి లోపలికి రాలేదు. గోడకి ఆనుకుని కింద కూర్చుంది. మా ఆయన లేవమన్నా లేవలేదు. మర్నాడు పాప ఆకలి అన్నాక, ఆ మాట చెవిన పడ్డాక లేచి మొహం కడుక్కుంది.

ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు నేను అత్తయ్యని అడిగాను, పొయ్యి జోలికి పోవద్దని ఎందుకన్నారని. అత్తయ్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "నాకు తెలుసే," అంది చివరికి. "జ్వరం తగ్గిన వారంలోనే తెలిసింది. పాలు విరిగి గిన్నెంతా కంపు కొడుతుంటే నన్ను పిలిచి, బాగా కాగాయా అని అడిగింది. అప్పటినుంచీ అక్క తెచ్చినవి చూసి, పాడైనవి బిల్డింగు వాచ్‌మన్ చేత పక్క వీధి చెత్తకుండీలో పారేయిస్తున్నాను. వాటికి బదులు మంచివి తెప్పించి పెడుతున్నాను. పాపని అందుకు తీసుకెళుతోందని మాత్రం నాకు తెలీదు, ఒట్టు."

"తెలిసీ నోరు మూసుకున్నారా? అంత నోరు పెట్టుకుని?"

"చెబితే అక్క వెళ్ళిపోతుంది," అంది అత్తయ్య. "ఎక్కడికి పోతుంది అని అడగకు. ఎక్కడికీ పోవడానికి లేదని తెలిసి కూడా పోతుంది. నీకు తెలీదు దాని సంగతి."

ఈ సంగతి గడప దాటకూడదని మా ఆయనా, అత్తయ్యా అనుకున్నారు. ముసలి ప్రాణం, పరువు పోతే తట్టుకోలేదన్నారు. నాకు సరిపడలేదు. బిల్డింగులో సగం ఇళ్ళు ఆమె తల ఊపితే కొంటాయి. వాళ్ళ పిల్లలూ పిల్లలే కదా. "మీరు చెప్పకపోతే నేను చెబుతాను," అన్నాను. మేం మెల్లగా మాట్లాడుకుంటున్నామని మా భ్రమ. పోయింది ముక్కే కానీ చెవులు కాదు.

తర్వాతి బజారు రోజున కుట్టుమిషను ఆవిడ వచ్చి తలుపు కొట్టింది. వెనక పై వాటా బ్యాంకు ఉద్యోగిని, ఇంకో ఇద్దరు. "పెద్దమ్మా, వస్తున్నావా?" పెద్దత్తయ్య సంచి తీసుకుని వెళ్ళింది. నేనూ చెప్పులేసుకుని వెనకాలే వెళ్ళాను. నమ్మకం లేకే వెళ్ళాను.

మార్కెట్ వెనక అరల దగ్గర ట్యూబులైటు ఒకటి కొట్టుకుంటోంది. ఆడవాళ్ళు ఎప్పటిలాగే పెద్దత్తయ్య చుట్టూ చేరారు. కుట్టుమిషను ఆవిడ ఒక చేపల ట్రే తెచ్చి, కవరు మూల కొద్దిగా లేపి చేతికిచ్చింది. ఆవిడ భర్తకి కడుపు ఆపరేషను అయి ఇంటికి వచ్చి కొద్ది రోజులే అయింది.

"ఆయనకి చేప పెట్టొచ్చని డాక్టరు అన్నాడు పెద్దమ్మా. ఈ ధరకి మళ్ళీ దొరకదు. కాస్త చూసి చెప్పు."

పెద్దత్తయ్య అలవాటుగా ట్రే ముక్కు దగ్గరికి ఎత్తింది. అందరూ ఆమె తల వంకే చూస్తున్నారు. కిందికి ఊగితే కొనాలి, పక్కకి ఊగితే వదిలేయాలి. నేను నోరు తెరవబోయాను. తల కదల్లేదు. ట్రే దించి ఆవిడ చేతిలోనే పెట్టింది.

"నాకు వాసన రాదమ్మా," అంది. "జ్వరం వచ్చినప్పటినుంచీ ఏ వాసనా రావడం లేదు. ఇన్నాళ్ళూ దొంగతనంగా నెట్టుకొచ్చాను. నన్ను అడక్కండి."

మొదట తేరుకున్నది బ్యాంకు ఉద్యోగిని. "అయితే పోయిన వారం నేను కొన్న మాంసం? బాగుందని నువ్వే కదా చెప్పావు?"

"మా వాడికి విరేచనాలు అందుకేనేమో," అంది ఇంకో ఆవిడ. "మా అత్తగారు రెండు రోజులు లేవలేదు." "ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది పెద్దమ్మా?" ఒక్కొక్కరే గుర్తు తెచ్చుకున్నారు. ఆ చలికాలంలో ఎవరింట్లో ఎవరికి కడుపు నొప్పి వచ్చినా అదంతా ఆమె నెత్తి మీదే పడింది. అందులో ఏది నిజమో, ఏది ఊహో దేవుడికే తెలియాలి. కుట్టుమిషను ఆవిడ మాత్రం చేప అరలో పెట్టేసి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. "మీ మొహాలకి ముక్కులు లేవా? కూర ఉడికేటప్పుడు మీ ఇళ్ళల్లో అందరూ ముక్కులు తీసి చిలక్కొయ్యకి తగిలిస్తారా?" అన్నాను. పెద్దత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "ఊరుకో. వాళ్ళన్న దాంట్లో తప్పేముంది? నువ్వూ అదే కదా అన్నావు."

ఆడవాళ్ళు చెదిరిపోయి, ఎవరి సరుకు వాళ్ళు లైటు కింద పెట్టి చూసుకోవడం మొదలుపెట్టారు. పెద్దత్తయ్య ఒట్టి సంచితో బయటికి వచ్చి, బళ్ళు నిలిపే చోట ఉన్న సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. ఇంటికి రమ్మంటే రాలేదు. బతిమాలాను, చెయ్యి పట్టి లాగాను. "నువ్వు వెళ్ళమ్మా, పాప బడి నుంచి వచ్చే వేళయింది," అంటుందే కానీ లేవదు. చివరికి ఇంటికి ఫోన్ చేశాను.

మోకాళ్ళు పట్టుకుపోయిన మా అత్తయ్య ఆ మెట్లన్నీ ఎలా దిగిందో, వీధంతా ఎలా నడిచిందో నాకు తెలియదు. దారి పొడుగునా గొణుక్కుంటూనే వచ్చింది. రోడ్డు బాగాలేదట, చెప్పు కరుస్తోందట, ఎండ నెత్తి మాడ్చేస్తోందట. వచ్చి అక్క ఎదురుగా నిలబడి ఆయాసపడింది.

"లే. ఇంటికి పద."

"వచ్చి ఏం చెయ్యను?"

"ఏమీ చెయ్యకు. కూర్చో."

"ఊరికే కూర్చున్న మనిషికి ఎవరు పెడతారే?"

"నేను పెడతాను."

"గొణుగుతావు."

"గొణుగుతాను," అంది అత్తయ్య. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. "పుట్టినప్పటినుంచీ గొణుగుతున్నాను, ఇప్పుడు మానమంటే ఎలా? గొణుగుతూనే పెడతాను. నువ్వు పోయేదాకా పెడతాను. నువ్వు తెచ్చిన గట్టి రొట్టెలు ఇన్నేళ్ళు తిన్నాను కదా, నా గొణుగుడు నువ్వు తినలేవా? లే అక్కా, నా మోకాళ్ళు నిలబడనివ్వడం లేదు."

పెద్దత్తయ్య అప్పుడు లేచింది. తనకోసం కాదు, చెల్లెలి మోకాళ్ళు చూడలేక లేచింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచారు. ఒట్టి సంచి పట్టుకుని నేను వెనకాల నడిచాను.

ఇంటికొచ్చాక అత్తయ్య వేడివేడిగా వడ్డించింది. పెద్దత్తయ్య చాలాసేపు పళ్ళెం ముట్టుకోలేదు. సంపాదించని కూడు నోటిదాకా తెచ్చుకోవడం ఆమెకి ఎంత కష్టమో ఆ వేళ్ళని చూస్తే తెలిసింది. చివరికి ఒక ముద్ద పెట్టుకుని మెల్లగా నమిలింది.

"ఎలా ఉంది?" అంది అత్తయ్య, ఏదో ఒక వంక పెట్టించుకోవాలన్నట్టు.

పెద్దత్తయ్య ఆలోచించింది. జ్వరం తగ్గినప్పటినుంచీ బాగుంది, బాగుంది అంటూ ఏ రుచీ తెలియకుండానే పళ్ళెం తుడిచి తిందని అప్పుడు అర్థమైంది మాకు.

"వేడిగా ఉందే," అంది.